22, 80, 443: కంప్యూటర్ నెట్‌వర్క్‌లో ఏ తలుపు దేనికి?

మీడియం వేవ్‌పై 738 అంటే హైదరాబాద్, 837 అంటే విజయవాడ. ఆకాశవాణి శ్రోతలకు ఒకప్పుడు ఈ అంకెలు సొంత ఇంటి నంబరంత పరిచితం. ముల్లు ఆ సంఖ్య దగ్గరకు చేరితే వార్తలు, కాస్త పక్కకు జరిగితే గరగర శబ్దం. గుజరాత్‌లోని సూరత్‌లో, ముఖ్యంగా లింబాయత్, ఉధనా ప్రాంతాలలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఇప్పుడు అవే తెలుగు వార్తలను ఫోన్‌లో వినవచ్చు. ముల్లు తిప్పే పని లేదు. అయినా సంఖ్య ఎక్కడికీ పోలేదు. యాప్ తెరిచిన ప్రతిసారీ ఫోన్ ఎక్కడో ఉన్న సర్వర్‌ను 443 అనే సంఖ్య గల ద్వారం దగ్గర పలకరిస్తుంది. ఆ ద్వారాన్ని కంప్యూటర్ పరిభాషలో పోర్టు అంటారు. పలకరింపు ఏ పద్ధతిలో మొదలై ఏ పద్ధతిలో ముగియాలో చెప్పే నియమావళి ప్రొటోకాల్.

ప్రొటోకాల్ అన్న మాట వార్తలు వినేవారికి కొత్త కాదు. మంత్రులు, విదేశీ అతిథులు వచ్చినప్పుడు ఎవరు ముందు నడవాలి, ఎవరు పుష్పగుచ్ఛం ఇవ్వాలి అన్న మర్యాదల పట్టికను అదే పేరుతో పిలుస్తాం. కంప్యూటర్ల మధ్య మర్యాద కూడా దాదాపు అలాంటిదే. ముఖపరిచయం లేని రెండు యంత్రాలు ముందుగా అంగీకరించిన క్రమంలో మాట్లాడుకోవాలి.

ఈ విషయం ఇంజినీర్లకే పరిమితమై ఉంటే వార్తల పేజీలో దీనికి చోటు అవసరం లేదు. అయితే 2025 ఫిబ్రవరిలో గుజరాత్‌లో బయటపడిన ఒక కేసు దీనిని అందరి విషయంగా మార్చింది. రాజ్‌కోట్‌లోని ఒక ప్రసూతి ఆసుపత్రిలో మహిళలను పరీక్షించే గదిలోని సీసీటీవీ దృశ్యాలు ఇంటర్నెట్‌లో అమ్మకానికి కనిపించాయి. అహ్మదాబాద్ సైబర్ క్రైమ్ పోలీసులు దర్యాప్తు చేపట్టి వేర్వేరు రాష్ట్రాలలో నిందితులను అరెస్టు చేశారు. వారిలో ఒకరు సూరత్ వాసి. ఒక్క ఆసుపత్రి మాత్రమే కాదని, దేశంలోని అనేక చోట్ల కెమెరాలలోకి ఇదే విధంగా చొరబడ్డారని పోలీసులు తెలిపారు. ఊహించడానికి తేలికైన, ఫ్యాక్టరీ నుంచి వచ్చిన పాస్‌వర్డ్‌లు మార్చకుండా వదిలేయడమే చాలా చోట్ల దారి ఇచ్చిందని దర్యాప్తులో వెల్లడైంది. పాస్‌వర్డ్ తాళమైతే, ఆ తాళం వేలాడే తలుపు పోర్టు. బయటి ప్రపంచానికి కనబడే తలుపు ఒకటి ఉందన్న సంగతే యజమానికి తెలియకపోతే, తాళం గురించి ఆలోచించే అవకాశమే రాదు.

భవనం ఒకటి, గదులు 65 వేలు

సూరత్ డైమండ్ బోర్స్‌ను ఉదాహరణగా తీసుకుందాం. 2023 డిసెంబర్ 17న ప్రారంభమైన ఈ భవన సముదాయంలో నాలుగు వేలకు పైగా కార్యాలయాలకు చోటుంది. భవనం చిరునామా ఒక్కటే. కేవలం ఆ చిరునామా రాసి పంపిన ఉత్తరం ప్రధాన ద్వారం దాకా వస్తుంది, అక్కడ ఆగిపోతుంది. ఏ కార్యాలయానికో గది సంఖ్య కూడా రాయాలి. ఇంటర్నెట్‌లో భవనం చిరునామా వంటిది ఐపీ చిరునామా. గది సంఖ్య వంటిది పోర్టు. ఒకే సర్వర్‌పై వెబ్‌సైట్ ఉండవచ్చు, ఈమెయిల్ ఉండవచ్చు, దస్త్రాల భాండారం ఉండవచ్చు. వచ్చిన ప్యాకెట్టు వీటిలో ఎవరికి చేరాలో పోర్టు సంఖ్య చెబుతుంది.

ఈ సంఖ్యకు ప్యాకెట్టులో కేటాయించిన స్థలం 16 బిట్లు. అందువల్ల 0 నుంచి 65,535 వరకు మొత్తం 65,536 సంఖ్యలు సాధ్యమవుతాయి. వీటిలో 1023 వరకు ఉన్నవి ప్రసిద్ధ సేవలకు కేటాయించినవి. 1024 నుంచి 49,151 వరకు ఉన్నవాటిని సంస్థలు నమోదు చేసుకోవచ్చు. ఆపైన ఉన్నవి తాత్కాలిక అవసరాలకు. ఈ తాత్కాలిక సంఖ్యల సంగతి సాధారణంగా ఎవరూ చెప్పరు గాని, అవి లేకుండా ఒక్క పేజీ కూడా తెరుచుకోదు. మీరు ఒక వెబ్‌సైట్‌ను అడిగినప్పుడు అవతలి తలుపు 443 అయితే, మీ ఫోన్ తన వైపు 51,000 ప్రాంతంలోనో మరెక్కడో ఒక సంఖ్యను అప్పటికప్పుడు ఎంచుకుంటుంది. జవాబు ఆ సంఖ్యకే వస్తుంది. పని పూర్తి కాగానే ఆ గది ఖాళీ అవుతుంది.

పోర్టు అనగానే మనకు ఓడరేవు గుర్తుకు రావడం సహజం. మచిలీపట్నాన్ని తెలుగువారు నేటికీ బందరు అంటారు. పారసీకంలో ఆ మాటకు రేవు అని అర్థం. మొగలుల కాలపు సూరత్ కూడా పేరుపొందిన బందరే, హజ్ యాత్రికుల ఓడలు బయలుదేరిన చోటు. 17వ శతాబ్దిలో సూరత్ నుంచి గోల్కొండ మీదుగా మచిలీపట్నం వరకు వర్తక మార్గం ఉండేది. ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియర్ సూరత్ నుంచి గోల్కొండకు సాగిన దారిని తన యాత్రాగ్రంథంలో వర్ణించాడు. కంప్యూటర్ పోర్టుకు మాత్రం రేవు కన్నా ద్వారం అన్న అర్థమే దగ్గర. లాటిన్‌లో పోర్టా అంటే ద్వారం, పోర్టస్ అంటే రేవు. భాషావేత్తలు రెండింటికీ మూలం ఒకటే అంటారు కనుక పోలికలో పెద్ద తప్పేమీ లేదు.

తలుపు దగ్గర జరిగే సంభాషణలో రెండు ప్రధాన పద్ధతులున్నాయి. మొదటిది టీసీపీ. ఫోన్-ఇన్ కార్యక్రమంలో శ్రోతతో మాట కలిపే తీరును తలచుకోండి. “హలో, వినిపిస్తోందా?” అని ఒకరు, “వినిపిస్తోంది, నా మాట వినిపిస్తోందా?” అని మరొకరు, “ఆఁ, వినిపిస్తోంది” అని మళ్ళీ మొదటివారు. ఈ మూడు మాటలు అయ్యాకే అసలు విషయం మొదలవుతుంది. మధ్యలో ఏ ముక్క తప్పిపోయినా మళ్ళీ పంపుతారు. రెండవది యూడీపీ. ఇది క్రికెట్ వ్యాఖ్యానం వంటిది. ఒక మాట గాలిలో కలిసిపోతే వ్యాఖ్యాత ఆగి మళ్ళీ చెప్పడు, ఆట ముందుకు సాగుతుంది. వెబ్ పేజీ, ఈమెయిల్, బ్యాంకు లావాదేవీ ఒక్క అక్షరం కూడా పోగొట్టుకోలేవు కనుక సంప్రదాయంగా టీసీపీని ఆశ్రయించాయి. వీడియో సంభాషణ, పేర్ల విచారణ వంటి వేగం ముఖ్యమైన పనులకు యూడీపీ నప్పుతుంది. ఒకే పోర్టు సంఖ్య రెండు పద్ధతులలోనూ విడివిడిగా ఉంటుందన్నది గుర్తుంచుకోవాలి.

సంఖ్యలు ఎవరు పంచారు

ఇంటర్నెట్‌కు పూర్వరూపమైన అర్పానెట్ రోజులలో ఈ సంఖ్యల చిట్టా ఒక్క మనిషి చేతిలో ఉండేది. అమెరికాలోని కాలిఫోర్నియాకు చెందిన జాన్ పోస్టెల్ 1972లోనే ఏ సేవకు ఏ సంఖ్య అన్న జాబితా ఒకటి ఉండాలని ప్రతిపాదించి, దాని నిర్వహణను తానే తలకెత్తుకున్నారు. కొత్త సేవ రాసినవారు ఆయనను అడిగేవారు, ఆయన ఒక సంఖ్య ఇచ్చి పుస్తకంలో రాసుకునేవారు. 1998 అక్టోబర్‌లో మరణించే వరకు ఆ బాధ్యత వదల్లేదు. ఆ చిట్టా రాసే పనికే తర్వాత ఐయానా అన్న పేరు స్థిరపడింది. నేడు ఐకాన్ సంస్థ ఆధ్వర్యంలో సాగుతోంది. ప్రపంచమంతా వాడే ఒక పట్టిక ఏ ప్రభుత్వ ఉత్తర్వూ లేకుండా ఒకరి నమ్మకమైన దస్తూరీ మీద ఇన్నేళ్ళు నడిచిందంటే ఆశ్చర్యమే.

పాత సంఖ్యలలో 21, 23, 25, 53, 79 వంటి బేసి సంఖ్యలే ఎక్కువగా ఎందుకున్నాయన్న సందేహం కొందరికి వస్తుంది. 1983 జనవరి 1న అర్పానెట్ టీసీపీకి మారింది. అంతకు ముందున్న పద్ధతిలో ఒక సంబంధం ఒక దిశలోనే పనిచేసేది. వినడానికి ఒకటి, చెప్పడానికి ఒకటి కావాలి కనుక బేసి, సరి సంఖ్యల జంటను వాడేవారు. కొత్త పద్ధతిలో ఒకే సంబంధం రెండు దిశలా పనిచేయసాగింది. జంటలో సరి సంఖ్యలు ఖాళీ అయ్యాయి, బేసివి నిలిచిపోయాయి.

అలా ఖాళీగా మిగిలిన వాటిలో 22 ఒకటి. 1995లో ఫిన్లాండ్‌లోని హెల్సింకీ సాంకేతిక విశ్వవిద్యాలయపు నెట్‌వర్క్‌లో ఎవరో పొంచి ఉండి పాస్‌వర్డ్‌లు దొంగిలించారు. అప్పట్లో దూరపు కంప్యూటర్‌ను నడపడానికి టెల్‌నెట్ వాడేవారు, దాని సంఖ్య 23. దస్త్రాలు పంపడానికి ఎఫ్‌టీపీ, దాని సంఖ్య 21. రెండింటిలోనూ పాస్‌వర్డ్ పోస్టుకార్డు మీది రాత లాగా అందరికీ కనిపించేలా ప్రయాణించేది. అక్కడి పరిశోధకుడు టాటు యులోనెన్ ఈ రెండింటికీ బదులుగా, సంభాషణ మొత్తాన్ని గూఢలిపిలోకి మార్చే ఎస్‌ఎస్‌హెచ్ అనే ప్రొటోకాల్ రాశారు. 21కి, 23కి మధ్యనున్న 22 దీనికి తగినదిగా తోచి ఐయానాకు ఈమెయిల్ రాశారు. మరునాడే జాయిస్ రేనాల్డ్స్ నుంచి జవాబు వచ్చింది, సంఖ్య కేటాయించామని. నేడు ప్రపంచంలోని సర్వర్లలో అత్యధిక భాగాన్ని వాటి నిర్వాహకులు ఆ తలుపు గుండానే నడుపుతున్నారు.

రోజూ దాటే తలుపులు

వెబ్‌కు రెండు సంఖ్యలు. 80 పాత హెచ్‌టీటీపీది. జెనీవా దగ్గరి సెర్న్ ప్రయోగశాలలో టిమ్ బెర్నర్స్-లీ రూపొందించిన ఈ పద్ధతిలో పేజీ తెరిచిన పుస్తకంలా వెళుతుంది. 443 హెచ్‌టీటీపీఎస్‌ది, గూఢలిపిలో వెళుతుంది. 1994లో నెట్‌స్కేప్ సంస్థ దీనికి పునాది వేసింది. సూరత్ రింగ్ రోడ్డు మార్కెట్‌లో చీరల వ్యాపారి చేసే యూపీఐ చెల్లింపు, జీఎస్‌టీ పత్రం, ఈ-వే బిల్లు, వీటి తోడు మనం వినే వార్తలు, దాదాపు అన్నీ ఈ ఒక్క తలుపు గుండానే నడుస్తాయి. 2022 జూన్‌లో ప్రమాణంగా వెలువడిన హెచ్‌టీటీపీ మూడవ రూపం టీసీపీని వదిలి యూడీపీ 443పై ప్రయాణిస్తుంది. కాబట్టి వెబ్ అంటే టీసీపీ అన్న పాత సూత్రం ఇప్పుడు పూర్తిగా చెల్లదు.

ఇక్కడ ఒక హెచ్చరిక. 443 అంటే దారిలో ఎవరూ చదవలేరని మాత్రమే అర్థం. అవతల ఉన్నవారు నిజాయితీపరులని కాదు. మోసపు వెబ్‌సైట్ కూడా గూఢలిపిలోనే మాట్లాడుతుంది. చిరునామా పక్కన కనిపించే తాళం గుర్తును భద్రతకు హామీగా జనం పొరబడుతున్నారనే కారణంతో గూగుల్ 2023లో క్రోమ్ బ్రౌజర్ నుంచి ఆ గుర్తును తొలగించింది.

పేజీ తెరవడానికి ముందు మరో తలుపు తట్టాలి. మనుషులు పేర్లు గుర్తుంచుకుంటారు, యంత్రాలు అంకెలు గుర్తుంచుకుంటాయి. పేరు ఇస్తే ఐపీ చిరునామా చెప్పే డైరెక్టరీ పేరు డీఎన్‌ఎస్, సంఖ్య 53. 1983లో పాల్ మొకపెట్రిస్ దీనిని రూపొందించే వరకు ఇంటర్నెట్‌లోని పేర్లన్నీ ఒకే దస్త్రంలో ఉండేవి. ఫోన్ వైఫైలో చేరిన క్షణాన రూటర్‌ను “నాకొక చిరునామా ఇవ్వండి” అని అడిగే డీహెచ్‌సీపీకి 67, 68.

ఈమెయిల్ కథ కాస్త చిక్కుముడి. ఉత్తరం ఒక తపాలా సర్వర్ నుంచి మరొక తపాలా సర్వర్‌కు వెళ్ళే ఎస్‌ఎంటీపీ సంఖ్య 25. దీనిని స్పామ్ పంపేవారు విపరీతంగా వాడుకోవడంతో చాలా ఇంటర్నెట్ సంస్థలు ఇళ్ళ నుంచి ఈ తలుపును మూసేశాయి. మనం రాసిన ఉత్తరాన్ని మన సర్వర్‌కు అప్పగించడానికి 587 లేదా 465. వచ్చిన ఉత్తరాలను చదవడానికి ఐమ్యాప్ అయితే 143, గూఢలిపిలో 993. పాప్ అయితే 110, గూఢలిపిలో 995. ఫోన్‌లో మెయిల్ అమర్చేటప్పుడు ఈ సంఖ్యలు అడిగితే జంటలలో రెండవదానినే ఎంచుకోవడం మంచిది. ఎఫ్‌టీపీ దాదాపు విశ్రాంతి తీసుకుంది. 2021లో క్రోమ్, ఫైర్‌ఫాక్స్ రెండూ దానిని వదిలించుకున్నాయి.

కాలానికీ ఒక పోర్టు ఉంది. ఆకాశవాణి వార్తలకు ముందు వినిపించే సమయ సంకేతంతో గడియారం సరిచేసుకున్న తరం మాది. కంప్యూటర్లు అదే పనిని ఎన్‌టీపీ ద్వారా 123 సంఖ్యపై చేస్తాయి. ఇది చిన్న విషయంగా కనిపించవచ్చు. నేరం జరిగినప్పుడు ఏ యంత్రంలో ఏ సంఘటన ముందు, ఏది వెనుక అన్నది గడియారాలు కలిస్తేనే తేలుతుంది. అందుకే దేశ కంప్యూటర్ అత్యవసర స్పందన సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాలలో సంస్థలు తమ గడియారాలను జాతీయ సమాచార కేంద్రం లేదా జాతీయ భౌతిక ప్రయోగశాల సమయంతో అనుసంధానించాలని, నమోదులను 180 రోజులు భద్రపరచాలని, సైబర్ సంఘటనలను ఆరు గంటలలో తెలియజేయాలని పేర్కొంది.

బయటికి తెరవకూడనివి

టెల్‌నెట్ పాతబడిందని అందరూ అనుకుంటున్న కాలంలో, 2016లో, అది ప్రపంచాన్ని వణికించింది. మిరాయ్ అనే హానికర ప్రోగ్రాం ఇంటర్నెట్ అంతా తిరుగుతూ 23, 2323 తలుపులు తడుతూ పోయింది. తెరుచుకున్న చోటల్లా సుమారు అరవై ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌ల జంటలను ప్రయత్నించింది. లొంగినవి కంప్యూటర్లు కావు. సీసీటీవీ కెమెరాలు, రికార్డింగ్ పెట్టెలు, రూటర్లు. ఆ సేనతో 2016 అక్టోబర్ 21న డిన్ అనే డీఎన్‌ఎస్ సంస్థపై దాడి చేయగా అమెరికాలో ఎన్నో ప్రసిద్ధ వెబ్‌సైట్లు గంటల తరబడి అందలేదు. కెమెరా యజమానులకు తమ కెమెరా ఏ యుద్ధంలో పాల్గొన్నదో తెలియనే లేదు.

మరుసటి ఏడాది వంతు 445ది. ఇది కార్యాలయంలోని కంప్యూటర్లు ఒకదాని దస్త్రాలు మరొకటి పంచుకునే ఎస్‌ఎంబీ ద్వారం. ఒకే గదిలోని యంత్రాల మధ్య వాడుకోవలసినది. 2017 మే 12న వ్యాపించిన వన్నాక్రై ఈ తలుపు గుండా పాకి దస్త్రాలకు తాళం వేసి సొమ్ము అడిగింది. 150 దేశాలలో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లు దెబ్బతిన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు కార్యాలయాల కంప్యూటర్లు కూడా స్తంభించాయి. ఆ లోపాన్ని పూడ్చే సవరణను మైక్రోసాఫ్ట్ అదే ఏడాది మార్చిలోనే విడుదల చేసింది. రెండు నెలల వ్యవధి ఉంది, వేసుకున్నవారు బయటపడ్డారు.

చిన్న వ్యాపారాలకు మరింత దగ్గరి ప్రమాదం 3389. దూరం నుంచి విండోస్ కంప్యూటర్ తెరను చూసి నడిపే రిమోట్ డెస్క్‌టాప్ సంఖ్య ఇది. గుమాస్తా ఇంటి నుంచి లెక్కలు రాయాలి కనుక దుకాణంలోని కంప్యూటర్‌ను ఈ తలుపుతో ఇంటర్నెట్‌కు వదిలేస్తారు. సొమ్ము కోసం దస్త్రాలకు తాళం వేసే ముఠాలు ముందుగా వెతికే సంఖ్యలలో ఇదొకటి. ఏళ్ళ లెక్కలన్నీ ఆ ఒక్క కంప్యూటర్‌లో ఉంటే నష్టం ఎంతో వ్యాపారికి వేరే చెప్పనవసరం లేదు. ఇంటి నుంచి పని అవసరమైతే వీపీఎన్ పెట్టుకుని దాని లోపలి నుంచి మాత్రమే ఈ తలుపును చేరేలా చేయాలి. వాడుకలో ఉన్న వాటిలో ఓపెన్‌వీపీఎన్ 1194ను, వైర్‌గార్డ్ సాధారణంగా 51,820ను వాడతాయి.

ఇంకా 554 కెమెరా దృశ్యాన్ని ప్రవాహంలా పంపే ఆర్‌టీఎస్‌పీది. 502 మోడ్‌బస్‌ది. 1979 నాటి ఈ ప్రొటోకాల్ ఫ్యాక్టరీ యంత్రాల నియంత్రణ పెట్టెలతో మాట్లాడుతుంది, మూలరూపంలో దీనికి పాస్‌వర్డ్ అన్నదే లేదు. యంత్రాలను నెట్‌వర్క్‌కు కలిపే ఏ మిల్లయినా ఈ సంఖ్య బయటికి కనబడకుండా చూసుకోవలసిందే. 3306 మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌ది, వినియోగదారుల వివరాల గిడ్డంగి అక్కడ ఉంటుంది.

షెడ్డులో రూటర్ చేసే పని

సిరిసిల్లలో సాంచాలు అని పిలిచే మరమగ్గాలు సూరత్ తెలుగు నేత కార్మికులకు జీవనాధారం. తొలుత కూలికి వచ్చి తర్వాత సొంతంగా షెడ్డు పెట్టుకున్నవారూ ఉన్నారు. అలాంటి ఒక షెడ్డును ఊహించండి. ఒక బ్రాడ్‌బ్యాండ్ లైను, ఒక రూటర్, నాలుగైదు ఫోన్లు, లెక్కల కంప్యూటర్ ఒకటి, గోడ మీద కెమెరాలు. వీటన్నింటికీ బయటి ప్రపంచంలో ఉన్న చిరునామా ఒక్కటే. ఏ జవాబు ఏ ఫోన్‌దో రూటర్ ఎలా గుర్తుపడుతుంది? ఇందాక చెప్పిన తాత్కాలిక పోర్టు సంఖ్యలతోనే. ఎవరు ఏ సంఖ్యతో బయటికి వెళ్ళారో పట్టికలో రాసుకుని, జవాబు రాగానే వారికి అందిస్తుంది. ఎవరూ అడగకుండా బయటి నుంచి వచ్చిన ప్యాకెట్టుకు పట్టికలో పేరుండదు, కనుక అది గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. చాలా ఇళ్ళను ఇన్నాళ్ళు కాపాడింది ఈ యాదృచ్ఛిక ఏర్పాటే.

బతుకమ్మ పండుగకు స్వగ్రామం వెళ్ళిన యజమాని అక్కడి నుంచి మగ్గాలు నడుస్తున్నాయో లేదో ఫోన్‌లో చూసుకోవాలనుకున్నప్పుడు చిక్కు మొదలవుతుంది. కెమెరాలు బిగించడానికి వచ్చిన కుర్రవాడు రూటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ అనే అమరిక పెడతాడు. ఫలానా సంఖ్యకు బయటి నుంచి ఎవరు వచ్చినా నేరుగా కెమెరా పెట్టెకు పంపమని దాని అర్థం. యజమాని వస్తే చూస్తాడు. మరొకరు వచ్చినా అదే తలుపు. కొన్ని పరికరాలు యూపీఎన్‌పీ అనే సదుపాయంతో యజమానికి చెప్పకుండా రూటర్‌ను తామే అడిగి తలుపు తెరిపించుకుంటాయి. దీనికి బదులుగా కెమెరాయే బయటి సర్వర్‌ను సంప్రదించే పద్ధతి ఇప్పుడు ఎక్కువైంది. అందులో తలుపు తెరవనవసరం లేదు, అయితే దృశ్యాలు తయారీదారు సర్వర్ చేతికి వెళతాయి. ఏది మేలన్నది ఆ తయారీదారును ఎంత నమ్ముతామన్నదాన్ని బట్టి ఉంటుంది.

తలుపు మూసి ఉందా, తెరిచి ఉందా అని తెలుసుకునే సాధనాలు కొత్తవి కావు. 1997లో వెలువడిన ఎన్‌మ్యాప్ ఒక యంత్రం పోర్టులన్నింటినీ తట్టి మూడు రకాల జవాబులు చెబుతుంది: తెరిచి ఉంది, మూసి ఉంది, జవాబే లేదు. మూడవది ఫైర్‌వాల్ పని. పాత సూరత్‌లో తపతి నది పూడిక వల్ల పెద్ద ఓడలు సముద్రతీరాన సువాలి దగ్గరే లంగరు వేసేవి. సరకు అక్కడి నుంచి నగరంలోని సుంకం చావడికి చేరి తనిఖీ అయ్యాకే బజారుకు వెళ్ళేది. ఫైర్‌వాల్ ఆ చావడి అధికారి వంటిది, పేరులేని మూటను లోపలికి రానివ్వదు. 2009 నుంచి షోడాన్ అనే సెర్చ్ ఇంజిన్ ప్రపంచంలో తెరిచి ఉన్న పోర్టులను నిరంతరం వెతికి జాబితా చేస్తోంది. అంటే మీ కెమెరా బయటికి కనిపిస్తూ ఉంటే, ఆ సంగతి మీకన్నా ముందు అపరిచితులకు తెలిసి ఉండవచ్చు. సొంత నెట్‌వర్క్‌ను పరీక్షించుకోవడం మంచిదే. ఇతరుల యంత్రంలోకి అనుమతి లేకుండా ప్రవేశించడం మాత్రం 2000 నాటి సమాచార సాంకేతికత చట్టం 43, 66 సెక్షన్ల కింద శిక్షార్హం.

షెడ్డు యజమాని ఇంజినీరు కానవసరం లేదు. కెమెరా బిగించే వ్యక్తి ఇంకా నిచ్చెన దిగకముందే కొన్ని సంగతులు అడిగితే చాలు. రూటర్‌లో ఏ సంఖ్య తెరిచాడో కాగితం మీద రాసిమ్మనాలి. యూపీఎన్‌పీ ఆపించాలి. కెమెరా, రూటర్ రెండింటి పాస్‌వర్డ్‌లు తన ఎదుటే మార్పించి తానే ఉంచుకోవాలి, బిగించిన వ్యక్తి ఫోన్‌లో ఉంచకూడదు. దుస్తులు మార్చుకునే గదిలో, విశ్రాంతి గదిలో కెమెరా ఉందా అన్న ప్రశ్న పోర్టుల కన్నా ముందు అడగవలసినది. దేశంలో మొబైల్ నెట్‌వర్క్‌లు పెద్ద ఎత్తున ఐపీవీ6కు మారాయి. అందులో ప్రతి పరికరానికి సొంత చిరునామా ఉండగలదు. రూటర్ పట్టిక ఇచ్చిన పాత రక్షణ అక్కడ దానంతట అదే రాదు, ఫైర్‌వాల్‌ను సరిచూసుకోవాలి. చొరబాటు జరిగిందన్న అనుమానం కలిగితే జాతీయ సైబర్ నేరాల సహాయ సంఖ్య 1930కి ఫోన్ చేయవచ్చు.

సీసీటీవీ కెమెరాల భద్రతకు కేంద్రం 2024 ఏప్రిల్‌లో ప్రకటించిన తప్పనిసరి పరీక్షల నిబంధనలు 2025 ఏప్రిల్ నుంచి అమలులోకి వచ్చాయి. అవి కొత్తగా అమ్మే కెమెరాలకు వర్తిస్తాయి. సూరత్‌లోనైనా, సిరిసిల్లలోనైనా ఇప్పటికే గోడలకు బిగించి ఉన్న పాత కెమెరాలు, వాటి వెనుక నాలుగైదేళ్ళ క్రితం తెరిచి మరిచిన సంఖ్యలు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. వాటిని వెతికి మూయవలసింది యజమానులే.